నాలుగు డిస్కులు, ఒక సర్వరు, మూడుసార్లు మోసం చేసిన ఖాళీ ఫోల్డరు

ఇది నాలుగు డిస్కులను లైనక్స్ సర్వర్లో ఒకే నిల్వగా కలిపి, దానికి బ్యాకప్ ఏర్పాటు చేసుకున్న 47 రోజుల డైరీ. ఇదే పని మీరూ మొదలుపెడుతుంటే, నేను పోగొట్టుకున్న రాత్రుల్లో కొన్నైనా మీకు మిగలాలని రాస్తున్నా. కమాండ్లను అక్షరం అక్షరం ఇవ్వలేదు, వాటికి మాన్యువల్ పేజీలున్నాయి. ఏ ఆప్షన్ ఎందుకు పెట్టానో, ఎందుకు పీకేశానో మాత్రం దాచుకోకుండా చెబుతా.

చేతిలో ఉన్న సామాను:

1. డిస్క్-1: 4 టీబీ
2. డిస్క్-2: 4 టీబీ
3. డిస్క్-3: 3 టీబీ
4. డిస్క్-4: 2 టీబీ, అన్నిటికంటే పాతది
5. లైనక్స్, డేటాబేస్ ఉన్న 240 జీబీ ఎస్‌ఎస్‌డీ
6. బ్యాకప్ కోసం యూఎస్‌బీ డబ్బాలో 8 టీబీ డిస్క్

దాచాల్సింది 4.3 టీబీ. ఎక్కువ భాగం ఫొటోలు, వీడియోలు. ఒకసారి రాస్తే మళ్లీ మారని ఫైళ్లు. ఈ సంగతి తర్వాత అవసరం పడుతుంది.

లెక్క: డిస్కుల మీద అచ్చువేసింది కూడితే 13 టీబీ. లైనక్స్ చూపించింది 11.8. ఎవరూ దొంగిలించలేదు. కంపెనీలు 4 టీబీ అంటే 4 లక్షల కోట్ల బైట్లు, సిస్టమ్ మాత్రం 1024తో భాగించుకుంటూ పోతుంది కాబట్టి 3.64 అంటుంది. ఇకపై ఖాళీ, నిండిన చోటు గురించి చెప్పేవన్నీ 1024 లెక్కలే.

మొదటి దశ: ఎల్‌వీఎంతో అన్నీ ఒకే ముద్ద (1 నుంచి 4వ రోజు)

పలు డిస్కులను ఒకటిగా అతికించే లైనక్స్ ఏర్పాటు ఎల్‌వీఎం. నాలుగు డిస్కులనూ ఒక వాల్యూమ్ గ్రూప్‌లో (డిస్కుల కట్టలో) పెట్టి, 100 శాతం చోటుతో ఒకే లాజికల్ వాల్యూమ్ (ఒకే డిస్క్‌లా కనిపించే చోటు) చేసి, దానిమీద ఎక్స్‌ట్-4 ఫైల్ సిస్టమ్ వేశా. పావుగంట పని. ఖాళీ చూపే డీఎఫ్ కమాండ్ కొడితే ఒకే పెద్ద అంకె కనిపిస్తుంది, చూడ్డానికి బాగుంటుంది.

1.9 టీబీ కాపీ అయ్యాక ఫైల్ సిస్టమ్ చదవడానికి మాత్రమే అన్న స్థితికి మారిపోయింది. తప్పు దొరికితే అలా మారిపొమ్మని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్ సమయంలో ఏ డిస్క్‌ను ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైల్) నేనే రాశాను. కెర్నల్ లాగ్ నిండా డిస్క్-4 మీద చదవలేని సెక్టార్ల (డిస్క్‌లోని చిన్న గడుల) గోల. దాన్నొక్కదాన్నీ బయటికి తీద్దామంటే దారి ఇలా ఉంది:

1. ఫైల్ సిస్టమ్‌ను అన్‌మౌంట్ చేసి (సిస్టమ్ నుంచి విడదీసి) కుదించాలి. ఎక్స్‌ట్-4 నడుస్తుండగా పెరుగుతుందే గాని తగ్గదు.
2. లాజికల్ వాల్యూమ్‌ను తగ్గించాలి.
3. పీవీమూవ్‌తో డిస్క్-4 మీదున్నదాన్ని మిగతావాటి మీదికి జరపాలి.

మూడో మెట్టు దగ్గర ఆగిపోయా. జరపాలంటే ముందు చదవాలి, ఆ డిస్క్ చదవనివ్వడం లేదు. పాత సర్వర్లో అసలు ఫైళ్లు ఇంకా చెరపలేదు కాబట్టి బతికిపోయా. మొత్తం తుడిచేశా.

తప్పు ఎల్‌వీఎంది కాదు. ఇలా వరసగా అతికించిన వాల్యూమ్‌లో ఏ ఫైల్ ఏ డిస్క్ మీదుందో మనకు తెలీదు, ఒక్కటి పోతే మిగతా మూడింట్లో ఉన్నదీ చేతికి రాదు. డిస్కులు పెరిగేకొద్దీ చోటుతో పాటు ఆ ప్రమాదమూ పెరుగుతుంది.

రెండో దశ: ముందే చేయాల్సిన పరీక్షలు (5 నుంచి 10వ రోజు)

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, స్మార్ట్ లెక్కలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునేవి) అప్పుడు తీశా. చూడాల్సినవి ఎక్కువేం లేవు:

1. 5వ నంబరు: మార్చేసిన సెక్టార్లు. డిస్క్-4లో 8, మిగతావాటిలో 0.
2. 197వ నంబరు: అనుమానంలో ఉన్న సెక్టార్లు. డిస్క్-4లో 16.
3. 199వ నంబరు: కేబుల్‌లో దెబ్బతిన్న డేటా. అప్పటికి అన్నిటిలో 0. దీన్ని గుర్తుపెట్టుకోండి.

యూఎస్‌బీ డబ్బాలోని డిస్క్ మొదట ఏమీ చెప్పలేదు. ఆ లెక్కలు చదివే స్మార్ట్‌సీటీఎల్‌కు పరికరం రకం 'శాట్' అని చెప్పాక నోరు విప్పింది.

తర్వాత బ్యాడ్‌బ్లాక్స్ అనే డిస్క్ పరీక్ష, రాసి చదివే పద్ధతిలో. ఇది డిస్క్ మీదున్నదంతా చెరిపేస్తుంది, కాబట్టి డేటా వేయకముందే కానిచ్చేయాలి. నాలుగు రకాల నమూనాలు రాసి, ప్రతిదాన్నీ తిరిగి చదువుతుంది. అంటే డిస్క్ ఈ చివర నుంచి ఆ చివరకు 8 సార్లు. 4 టీబీ డిస్క్‌కు సగటున సెకనుకు 140 ఎంబీ వేగంతో 63 గంటలు, 3 టీబీ డిస్క్‌కు 51 గంటలు. 8 టీబీ డిస్క్ మీద అసలు మొదలే కాలేదు. మామూలుగా అది 1024 బైట్ల బ్లాకులతో లెక్కపెడుతుంది, అంత పెద్ద డిస్క్‌లో బ్లాక్ నంబరు 32 బిట్లలో పట్టదు. బ్లాక్ సైజు 4096 అని చెప్పాక నడిచింది, దాదాపు 5 రోజులు తీసుకుంది. అన్నిటినీ టీమక్స్‌లో (మనం వెళ్లిపోయినా సర్వర్లో పని ఆగనివ్వని టెర్మినల్) ఒకేసారి నడపండి. లేకపోతే ల్యాప్‌టాప్ మూత వేసిన క్షణాన అదీ ఆగిపోతుంది.

డిస్క్-4 మొదటి నమూనాకే తప్పింది. తీసేశా.

లెక్క: 11.8 నుంచి 1.8 పోగా 10.0 టీబీ.

మూడో దశ: మెర్జర్‌ఎఫ్‌ఎస్ (11 నుంచి 15వ రోజు)

ఎండీఏడీఎం టూల్‌తో రెయిడ్-5 (ఒక డిస్క్ పోయినా డేటా మిగిలేలా అన్నిటినీ కలిపే పద్ధతి) చేద్దామా అని కాగితం మీద వేసి చూశా. సైజులు వేరైతే అది చిన్న డిస్క్‌నే కొలతగా తీసుకుంటుంది. మూడు డిస్కులకు చేతికొచ్చేది 5.46 టీబీ. అదే ఒక 4 టీబీ డిస్క్‌ను స్నాప్‌రెయిడ్ పారిటీకి (పోయిన డిస్క్‌లోని ఫైళ్లను తిరిగి లెక్కగట్టడానికి దాచే అదనపు డేటాకు) ఇచ్చేసి, మిగతా రెంటినీ మెర్జర్‌ఎఫ్‌ఎస్‌తో (వేర్వేరు డిస్కులను ఒకే ఫోల్డర్‌గా చూపే టూల్) కలిపితే 6.37. పైగా ఇక్కడ ప్రతి డిస్క్‌కూ తన సొంత ఫైల్ సిస్టమ్ ఉంటుంది. ఒకటి ఊడదీసి వేరే మిషన్‌కు పెట్టినా దానిమీది ఫైళ్లు మామూలుగా తెరుచుకుంటాయి. మొదటి దశ దెబ్బ తిన్నాక నాకు కావాల్సింది అదే.

నష్టం కూడా చెప్పాలి. స్నాప్‌రెయిడ్ పారిటీ అప్పటికప్పుడు రాయదు, మనం సింక్ చేసినప్పుడే రాస్తుంది. రెండు సింకుల మధ్య వచ్చిన ఫైల్‌కు రక్షణ లేదు. మారని ఫైళ్లకు ఇది సరిపోతుంది, డేటాబేస్‌కు పనికిరాదు. అందుకే డేటాబేస్‌ను ఎస్‌ఎస్‌డీ మీదే ఉంచేశా.

ఫార్మాట్ చేసేటప్పుడు ఎక్స్‌ట్-4 తనంతట తానే 5 శాతం చోటును రూట్ (నిర్వాహక ఖాతా) కోసం పక్కన పెడుతుంది. డేటా డిస్కుల మీద 1 శాతానికి, పారిటీ మీద 0కి దించా. పారిటీ ఫైల్ కొంచెం ఎక్కువ చోటు అడగొచ్చు, కాబట్టి సమాన సైజు డిస్కులున్నప్పుడు డేటా డిస్క్‌ను అంచుదాకా నింపకపోవడమే మేలు. పారిటీ డిస్క్‌లో ఉండేది ఒక్క భారీ ఫైలే గనక అక్కడ ఐనోడ్ల (ఫైల్‌కొకటి చొప్పున ఉండే వివరాల గడుల) సంఖ్య కూడా తగ్గించేశా.

లెక్క: ఐనోడ్ పట్టికలు పోగా, 5 శాతం ఉంచితే 5.9 టీబీ. 1 శాతానికి దించితే 6.2.

*మొదటి గొడవ, 12వ రోజు.* కాపీ మధ్యలో 'చోటు లేదు' అని ఆర్‌సింక్ (ఫోల్డర్లను కాపీ చేసే టూల్) ఆగిపోయింది. పూల్‌లో (కలిపిన ఆ నిల్వలో) చూస్తే 2.6 టీబీ ఖాళీ! నేను పెట్టిన పాలసీ ఈపీఎంఎఫ్‌ఎస్. ఫోల్డర్ ముందే ఏ డిస్క్ మీదుంటే కొత్త ఫైల్‌ను అక్కడికే పంపే రకం. ఫోల్డర్లన్నీ డిస్క్-1 మీద పుట్టాయి, ఫైళ్లన్నీ అక్కడికే పోయాయి, డిస్క్-3 మీద ఒక్కటీ పడలేదు. పాలసీని ఎంఎఫ్‌ఎస్‌కు, అంటే ఎక్కువ ఖాళీ ఉన్న డిస్క్‌కు మార్చా. డిస్క్-1లో 4 జీబీ మాత్రమే మిగిలింది, దాన్ని అలాగే వదిలేశా. ఆ బద్ధకానికి మూల్యం రెండు రోజుల్లోనే కట్టా.

*రెండో గొడవ, మొదటి మోసం, 14వ రోజు.* కెర్నల్ అప్‌డేట్ కోసం రీబూట్ చేసి, కాపీని మళ్లీ మొదలుపెట్టి పడుకున్నా. పొద్దున్నే డేటాబేస్ ఆగిపోయి ఉంది. ఎస్‌ఎస్‌డీ 100 శాతం నిండిపోయింది. ఏం జరిగిందో విప్పడానికి మధ్యాహ్నం అయింది:

1. డిస్క్-3 కేబుల్ వదులై, బూట్ సమయంలో డిస్క్ కనపడలేదు.
2. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో నోఫెయిల్ (డిస్క్ లేకపోయినా సాగిపొమ్మనే ఆప్షన్) ఉంది కాబట్టి బూట్ ఆగలేదు. మంచిదే.
3. డిస్క్-3 మౌంట్ కావాల్సిన ఫోల్డర్ ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీ ఫోల్డర్ ఉన్నది ఎస్‌ఎస్‌డీ మీద.
4. మెర్జర్‌ఎఫ్‌ఎస్‌కు అది కూడా ఒక కొమ్మే, అంటే తాను కలిపే ఫోల్డర్లలో ఒకటే. డిస్క్-1లో 4 జీబీ, ఈ 'కొమ్మ'లో 170 జీబీ. ఎక్కువ ఖాళీ ఎక్కడుంటే అక్కడికి పంపమని చెప్పింది నేనే కదా.
5. డిస్క్-3 మీదికి అంతకుముందే వెళ్లిన ఫైళ్లు ఆర్‌సింక్‌కు కనపడలేదు. వాటినే మళ్లీ కాపీ చేసింది.

4 జీబీ కంటే తక్కువ మిగిలితే కొత్త ఫైల్ వేయకూడదని మెర్జర్‌ఎఫ్‌ఎస్‌లో ఒక హద్దు ఉంది. అది ఫైల్ మొదలయ్యేటప్పుడు మాత్రమే చూస్తుంది. చివరి వీడియో 22 జీబీ. మొదలయ్యేటప్పుడు చోటుంది, పెరుగుతూ పెరుగుతూ గోడ దాకా పోయింది.

మార్చినవి:

1. కేబుల్. పాతదాన్ని కత్తిరించి పారేశా, మళ్లీ డబ్బాలోంచి తీసి వాడకుండా. 199వ నంబరు 0 నుంచి 341కి ఎక్కింది. అది ఎప్పటికీ తగ్గదు, పెరగకుండా ఉందా అన్నదే చూడాలి.
2. అన్ని డిస్కులనూ అన్‌మౌంట్ చేసి, ఖాళీ మౌంట్ ఫోల్డర్లన్నిటికీ సీహెచ్‌ఆట్ర్‌తో 'మార్చరాదు' గుర్తు వేశా. డిస్క్ మౌంట్ అయితే ఆ గుర్తున్న ఫోల్డర్ దాని కింద దాగిపోతుంది, మామూలుగా రాసుకోవచ్చు. మౌంట్ కాకపోతే రూట్‌కు కూడా అక్కడ రాయడానికి అనుమతి దొరకదు. ఈ డైరీలో ఒక్క లైన్ మాత్రమే తీసుకెళ్తామంటే ఇది తీసుకెళ్లండి.
3. ఖాళీ హద్దును 4 నుంచి 50 జీబీకి పెంచా.
4. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లున్న లైన్లన్నీ యూయూఐడీకి (డిస్క్‌కు ఉండే మారని గుర్తింపు సంఖ్యకు) మార్చా. బూట్‌కో పేరు మారడం నా కళ్లతోనే చూశా.

లెక్క: 4.3 టీబీ చేరింది, 1.9 ఖాళీ.

నాలుగో దశ: స్నాప్‌రెయిడ్ (16 నుంచి 19వ రోజు)

ఇది ఏ గొడవా లేకుండా సాగింది. మొదటి సింక్ 8 గంటల 20 నిమిషాలు. కంటెంట్ ఫైల్ (ఏ ఫైల్ ఎక్కడుందో స్నాప్‌రెయిడ్ రాసుకునే జాబితా) ఒక కాపీ చాలదు, పారిటీల సంఖ్య కంటే కనీసం ఒకటి ఎక్కువ ఉండాలి. ఎస్‌ఎస్‌డీ మీద ఒకటి, రెండు డేటా డిస్కుల మీద చెరొకటి పెట్టా. 38 జీబీ ఫోల్డర్‌ను కావాలని చెరిపి ఫిక్స్‌తో తిరిగి తెప్పించా. చెక్‌సమ్‌లు (ఫైల్ మారలేదని తేల్చే లెక్కలు) సరిపోయాయి. స్క్రబ్ (దాచినది పాడవలేదని తిరిగి చదివి చూడటం) వారానికోసారి నడుస్తుంది. ఏమీ చెప్పకపోతే అది ఒక్కో విడతకు 8 శాతం బ్లాకులను, అదీ 10 రోజులు దాటినవాటిని మాత్రమే చూస్తుంది.

డిస్క్-3ను అన్‌మౌంట్ చేసి సింక్ కొట్టి చూశా, ఇదీ ఖాళీ ఫోల్డర్ మాయలో పడుతుందేమోనని. పడలేదు. నిన్నటిదాకా ఉన్న ఫైళ్లన్నీ మాయమయ్యాయేంటని అడిగి, బలవంతంగా చెప్తే తప్ప సింక్ చేయనంది. ఈ ప్రాజెక్టు మొత్తంలో ఖాళీ ఫోల్డర్‌ను అనుమానించిన టూల్ ఇదొక్కటే.

ఐదో దశ: ఆర్‌సింక్ బ్యాకప్, రెండో మోసం (20 నుంచి 23వ రోజు)

పారిటీ బ్యాకప్ కాదు. పొరపాటున చెరిపి సింక్ చేస్తే, పారిటీ కూడా ఆ చెరపడాన్నే నమ్మకంగా రాసుకుంటుంది. అందుకే బయటి 8 టీబీ డిస్క్ మీదికి ప్రతి రాత్రి 2 గంటలకు ఆర్‌సింక్, డిలీట్ ఆప్షన్‌తో. మొదటి కాపీకి 11 గంటలు.

22వ రోజు సాయంత్రం మెర్జర్‌ఎఫ్‌ఎస్ ఆప్షన్ ఒకటి మార్చడానికి పూల్‌ను అన్‌మౌంట్ చేశా. మధ్యలో ఫోన్ వచ్చింది. మళ్లీ మౌంట్ చేయడం మర్చిపోయా.

రాత్రి 2 గంటలకు ఆర్‌సింక్ లేచింది. చూస్తే పూల్ ఫోల్డర్ ఖాళీ. మూలంలో లేనివి బ్యాకప్‌లోనూ ఉండకూడదు కదా, 4.3 టీబీ నిమిషాల్లో చెరిపేసింది. ఎర్రర్ లేదు, ఎగ్జిట్ కోడ్ సున్నా. మూలాన్ని చదవడంలో తప్పు వస్తే ఆర్‌సింక్ చెరపడం మానుకుంటుంది, కానీ ఖాళీగా ఉండటం తప్పు కిందికి రాదు.

పూల్‌లో అసలు డేటా భద్రంగానే ఉంది. అయినా ఆ ఉదయం చాలాసేపు కీబోర్డ్ ముట్టుకోలేదు. అన్‌మౌంట్‌కు తోడు అదే రోజు ఒక డిస్క్ కూడా చచ్చి ఉంటే, అక్కడున్న ఫైళ్లను పారిటీయే తప్ప ఏ కాపీ కాపాడేది కాదు.

సరిచేసింది ఇలా. ప్రతి డేటా డిస్క్ మీద ఒక చిన్న గుర్తు ఫైల్ పెట్టా. 'డిస్క్-1 ఉంది', 'డిస్క్-3 ఉంది'. బ్యాకప్ స్క్రిప్ట్ ముందుగా పూల్ దారిలోంచి రెండు ఫైళ్లూ కనపడుతున్నాయా అని చూస్తుంది, ఒక్కటి లేకపోయినా ఆగిపోతుంది. మౌంట్‌పాయింట్ కమాండ్‌తో చూస్తే చాలదా అనిపించొచ్చు. చాలదు: 14వ రోజున పూల్ మౌంట్ అయ్యే ఉంది, లేనిది లోపలి డిస్కే.

ఆరో దశ: బోర్గ్, మూడో మోసం (24 నుంచి 36వ రోజు)

ఆర్‌సింక్ ఇచ్చేది నిన్న రాత్రి రూపం ఒక్కటే. వారం తర్వాత పాడైందని తెలిసిన ఫైల్‌కు అది పనికిరాదు. అందుకే బోర్గ్ అనే బ్యాకప్ టూల్‌కు మారా. పాత రోజుల ఆర్కైవ్‌లన్నీ ఉంటాయి, ఒకే ముక్కను రెండుసార్లు దాచదు, ఎన్‌క్రిప్ట్ చేస్తుంది.

రాత్రి వరస:

1. గుర్తు ఫైళ్ల తనిఖీ.
2. పోస్ట్‌గ్రెస్ డంప్, అంటే డేటాబేస్‌ను ఒక ఫైల్‌గా దించడం. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను నేరుగా కాపీ చేస్తే సగం పాతవి, సగం కొత్తవి వస్తాయి.
3. ప్యాకేజీల జాబితా ఒక ఫైల్‌లోకి.
4. బోర్గ్ క్రియేట్: పూల్, ఈటీసీ (సెట్టింగుల ఫోల్డర్), హోమ్ (వాడేవాళ్ల ఫోల్డర్), డంప్.
5. బోర్గ్ ప్రూన్: 7 రోజులవి, 4 వారాలవి, 6 నెలలవి ఉంచి మిగతావి తీసేయడం.
6. బోర్గ్ కాంపాక్ట్.

ఆరో మెట్టు మొదట్లో లేదు. వీడియో మార్పిడి తాత్కాలిక ఫైళ్లు 310 జీబీ పొరపాటున బ్యాకప్‌లోకి వెళ్లాయి. ఆ ఆర్కైవ్‌ను తీసేసినా చోటు ఒక్క జీబీ తిరిగి రాలేదు. 1.2 వెర్షన్ నుంచి డిలీట్, ప్రూన్ పేర్లు కొట్టేస్తాయంతే, చోటు ఖాళీ చేసేది కాంపాక్ట్.

మొదటి బ్యాకప్ చేత్తో నడిపా, దాదాపు 19 గంటలు. 4.3 టీబీ కాస్తా 4.1 అయింది. ఫొటోలు, వీడియోలు ముందే కుదించి ఉంటాయి, అంతకంటే ఆశించకూడదు.

36వ రోజు ఆర్కైవ్‌ల జాబితా చూశా. ఒక్కటే ఉంది. చేత్తో నడిపిందే. క్రాన్ (వేళకు పనులు నడిపేది) 11 రాత్రులు స్క్రిప్ట్‌ను లేపింది, 11 రాత్రులూ అది పడిపోయింది. బోర్గ్ తాళం తీసే పాస్‌ఫ్రేజ్‌ను నేను నా షెల్‌లో (కమాండ్లు కొట్టే తెరలో) పెట్టుకున్నా, క్రాన్‌కు ఆ వాతావరణం ఉండదు. పాస్‌ఫ్రేజ్ అడగడానికి అక్కడ టెర్మినల్ లేదు. ఎర్రర్ మెయిల్ పంపాలని చూసింది, సర్వర్లో మెయిల్ బయటికి పోయే ఏర్పాటే లేదు.

మెయిల్ రాకపోతే అంతా బాగున్నట్టే అనుకున్నా. ఖాళీ ఇన్‌బాక్స్ కూడా ఖాళీ ఫోల్డరే. 2017 జనవరి 31న కోడ్ దాచే సేవ గిట్‌ల్యాబ్‌లో డేటాబేస్ పొరపాటున చెరిగినప్పుడు జరిగింది కూడా ఇలాంటిదే. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ సరిపోక డంప్ విఫలమవుతూ వచ్చింది, ఆ సంగతి చెప్పే మెయిళ్లు తిరస్కరణకు గురయ్యాయి. వాళ్లే ఆ వివరాలన్నీ బయటపెట్టారు. అంతకుముందు చదివి తల ఊపినవాణ్ని నేను.

మార్చినవి:

1. పాస్‌ఫ్రేజ్ రూట్ మాత్రమే చదవగల ఫైల్‌లోకి. బోర్గ్ దాన్ని పాస్‌కమాండ్ ద్వారా తీసుకుంటుంది.
2. బ్యాకప్ పూర్తయితేనే స్క్రిప్ట్ చివర ఒక ఫైల్‌లో సమయం, ఫైళ్ల సంఖ్య, సైజు రాస్తుంది. మరో చిన్న మిషన్ ఆ ఫైల్‌ను గంటకోసారి చూస్తుంది. 26 గంటలు దాటి పాతదైతే నా ఫోన్ మోగుతుంది. అంటే విఫలమైనప్పుడు చెప్పమనడం లేదు, సఫలమైందని వినపడకపోతే అరవమంటున్నా.
3. ఫైళ్ల సంఖ్య నిన్నటి కంటే 10 శాతం తగ్గినా అరుస్తుంది.

లెక్క: 8 టీబీ డిస్క్‌లో చోటు 7.28 టీబీ, వాడింది 4.1. రోజువారీ బ్యాకప్ 6 నుంచి 9 నిమిషాలు.

ఏడో దశ: తిరిగి తెచ్చే కసరత్తు (40 నుంచి 43వ రోజు)

సర్వరు కాలిపోయిందనుకుని, ఖాళీ వర్చువల్ మిషన్ నుంచి మొదలుపెట్టా. నియమం ఒకటే: పాత సర్వరును తాకకూడదు.

మొదటి నిమిషంలోనే ఓడిపోయా. పాస్‌ఫ్రేజ్ ఎక్కడుంది? పాత సర్వర్లో, రూట్ మాత్రమే చదవగల ఫైల్‌లో. తాళం చెవిని ఇంట్లో పెట్టి తలుపేసుకున్నట్టు. దాన్ని కాగితం మీద రాసి, బోర్గ్ కీని కూడా కాగితం రూపంలో ఎగుమతి చేసి, సర్వరు లేని చోట పెట్టా.

రెండో ప్రయత్నం:

1. ఈటీసీ, హోమ్, డంప్ తీసుకురావడం: 14 నిమిషాలు.
2. రీబూట్ చేస్తే 90 సెకన్లు ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లో పడింది. తిరిగొచ్చిన ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పారిటీ డిస్క్ లైన్‌కు నోఫెయిల్ లేదు, ఈ మిషన్లో ఆ డిస్క్ లేదు. అసలు సర్వర్లోనూ సరిచేశా.
3. డేటాబేస్ డంప్ ఎక్కించడం: 5 నిమిషాలు. వరసల సంఖ్య సరిపోయింది.
4. 212 జీబీ ఫొటోలు: 42 నిమిషాలు. చెక్‌సమ్‌లన్నీ సరే.

అదే వేగంతో మొత్తం 4.3 టీబీకి 14 గంటల పైమాటే. ఆ అంకె ముందే తెలిసి ఉంటే, పోయిన రోజున గంటగంటకీ తెర ముందు కూర్చోనక్కర్లేదు.

ఇప్పటి స్థితి (47వ రోజు)

1. పూల్: 6.2 టీబీ, ఖాళీ 1.9.
2. పారిటీ: డిస్క్-2. రోజూ సింక్, బ్యాకప్ ముగిశాక.
3. బోర్గ్ ఆర్కైవ్‌లు: చేత్తో చేసింది, దానిపైన 11 రాత్రుల్లో ప్రూన్ ఉంచినవి. ప్రూన్ మొన్నటి నుంచే పాతవి ఏరడం మొదలుపెట్టింది.
4. ఇంకో బయటి డిస్క్ వేరే చోట ఉండాలి. అది ఇంకా లేదు. యూఎస్‌బీ డిస్క్ సర్వరుకే తగిలించి ఉన్నంతకాలం ఒక్క విద్యుత్ దెబ్బకు రెండూ పోవచ్చు.
5. డిస్క్-1 ఇంకా 4 జీబీ దగ్గరే ఉంది. కొంత డిస్క్-3 మీదికి జరపాలి, జరిపిన వెంటనే సింక్ చేయాలి.
6. డిస్క్-3, 199వ నంబరు: ఈ పొద్దున 341. నిన్న 341. కేబుల్ మార్చినప్పటి నుంచి 341.